పత్మాసులో రెండు ఉదయాలు: బెంగళూరు నుంచి వెళ్లే తెలుగువాళ్లకు

తెలుగు బైబిల్లో ప్రకటన గ్రంథం 1:9లో వచ్చే ‘పత్మాసు ద్వీపం’ ఇదే. గ్రీస్‌లో ఉంది, గ్రీకులు పాట్మోస్ అంటారు. మొత్తం విస్తీర్ణం 34 చదరపు కిలోమీటర్లు. ముఖ్యమైనవన్నీ రేవు నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉంటాయి. మ్యాప్ చూసి ఒక పూట చాలనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పడవ అర్ధరాత్రి దించుతుంది, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా కొండ మీది సెయింట్ జాన్ మఠం తలుపులు మూసేస్తారు. అందుకే వేళల్ని బట్టి ప్లాన్ వేసుకోండి. కనీసం రెండు రాత్రులు, రెండు పూర్తి ఉదయాలు ఉండాలి.

గ్రీస్ వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నిబంధన ప్రకారం 15 రోజుల ముందు వరకూ తీసుకుంటారు గానీ, వేసవి సెలవుల్లో వీసా సెంటర్‌లో స్లాట్లు దొరకడమే కష్టం. మూడు నెలల ముందే మొదలుపెట్టండి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ అదనం. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఇటలీ కూడా కలిపి వెళ్తుంటే, ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. గ్రీస్ స్లాట్ ఖాళీగా ఉంది కదా అని అక్కడ పెట్టి, రాత్రులు ఇటలీలో ఎక్కువ చూపిస్తే తిరస్కరణే. ద్వీపంలో స్కూటర్ అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీవో దగ్గర ఇక్కడే తీసుకోండి. మీ లైసెన్సులో కారు ఒక్కటే ఉంటే ఆ పర్మిట్ బైకుకు పనికిరాదు.

పాట్మోస్‌లో విమానాశ్రయం లేదు. బెంగళూరు నుంచి దోహా, దుబాయ్, అబుధాబిల్లో ఎక్కడో ఒకచోట మారి ఏథెన్స్ చేరతారు. ఏథెన్స్ విమానాశ్రయం నుంచి పిరేయస్ రేవుకు మెట్రో మూడో లైను నేరుగా వెళ్తుంది, గంట ప్రయాణం. మెట్రో దిగగానే చేరిపోయామనుకోకండి. ఈ వైపు ద్వీపాల పడవలు బయల్దేరే ఈ1 గేటు స్టేషన్‌కు చాలా దూరం. సామాను లాక్కుంటూ వెళ్లాలంటే అరగంట పైనే పడుతుంది, కాబట్టి రేవు లోపల తిరిగే బస్సు ఎక్కండి. పడవ ప్రయాణం ఏడెనిమిది గంటలు. పెద్ద సూట్‌కేసులు కింద వాహనాల అంతస్తులో, ద్వీపం పేరు రాసిన అరల్లో పెట్టిస్తారు. పాట్మోస్ అర చూసి పెట్టండి. దిగడానికి పావుగంట ముందే కిందికి వచ్చి నిలబడాలి, ఎందుకంటే పడవ ఆగేది కొద్ది నిమిషాలే. నిద్రపట్టేస్తే లేచేసరికి ముందున్న లేరోస్ ద్వీపం కూడా దాటిపోయి ఉంటుంది. అలారం పెట్టుకోండి.

అర్ధరాత్రి టాక్సీలు సరిపడా ఉండవు. అందుకని రేవు ఊరు స్కాలాలోనే గది తీసుకుని, పడవ పేరు, చేరే వేళ గది ఇచ్చే ఇంటివాళ్లకు ముందే రాయండి. అంత రాత్రి వద్దనుకునేవాళ్లు ఏథెన్స్ నుంచి కోస్ ద్వీపానికి విమానంలో వెళ్లి, అక్కడ పగటిపూట కాటమరాన్ అనే వేగపు పడవ పట్టుకోవచ్చు. కాకపోతే గాలి పెరిగితే మొదట ఆగిపోయేది అదే.

ఇక బట్టలు. మఠంలోకి, గుహలోకి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. మగవాళ్లు షార్ట్స్‌లో వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. చుడీదార్, చీర ఇబ్బంది లేనివి. చేతుల్లేని జాకెట్ అయితే పైన ఒక చున్నీ వేసుకోండి. మన గుళ్లలాగా చెప్పులు విప్పక్కర్లేదు. విప్పితే వాళ్లే వింతగా చూస్తారు! పటాలున్న చెక్క తెర వెనక భాగం మన గర్భగుడి లాంటిది, అటు వెళ్లకూడదు. కొవ్వొత్తి తీసుకుంటే పెట్టెలో చిల్లర వేసి, ఇసుకలో గుచ్చాలి. మన సీఎస్‌ఐ, కేథలిక్ సంఘాలవాళ్లకు ఒక మాట: ఆరాధనలో నిలబడొచ్చు గానీ, ప్రభురాత్రి భోజనం ఆర్థడాక్స్ సభ్యులకు మాత్రమే ఇస్తారు. వరుసలో చేరకండి.

మొదటి ఉదయం ఏడుంపావుకి స్కాలాలో బయల్దేరండి. కొండ మీది ఊరు మ్యాప్‌లో ‘చోరా’లా కనిపిస్తుంది, పలకడం మాత్రం ‘హోరా’. కారు రోడ్డు వదిలి పాత రాతి బాట పట్టుకోండి. మొత్తం ఎక్కడానికి సుమారు 40 నిమిషాలు. అలిపిరి మెట్లెక్కినవాళ్లకు ఇది లెక్కలోకి రాదు, కానీ రాళ్లు నున్నగా అరిగిపోయి ఉంటాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. సగం దారిలో, యోహానుకు ప్రకటన గ్రంథపు దర్శనం కలిగిందని చెప్పే ప్రకటన గుహ వస్తుంది. తెరవగానే లోపలికి వెళ్లడంలోనే అసలు కిటుకు ఉంది. క్రూయిజ్ ఓడ వచ్చిన రోజున బస్సుల కొద్దీ జనం దిగుతారు, గుహ చిన్నది, తర్వాత అడుగు పెట్టలేం. మెట్లు దిగి లోపలికి వెళ్లాక పైకి చూడండి. బండ మూడుగా చీలి ఉంటుంది. దాన్ని త్రిత్వానికి గుర్తుగా చెబుతారు. గోడలో వెండి తాపడం చేసిన గూడు యోహాను తల ఆన్చిన చోటని సంప్రదాయం. శిష్యుడు ప్రొకోరు నిలబడి దర్శనాన్ని రాసుకున్నాడంటారు. ఫొటోలు తీయకూడదు.

అక్కడి నుంచి ఇరవై నిమిషాలు ఎక్కితే సెయింట్ జాన్ మఠం. దూరానికి కోటలా ఉంటుంది, సముద్రపు దొంగల భయంతో అలాగే కట్టారు. 1088లో బైజంటైన్ చక్రవర్తి మొదటి అలెక్సియోస్ కొమ్నెనోస్ ఈ ద్వీపం మొత్తాన్ని క్రిస్టోడూలోస్ అనే సన్యాసికి దానం చేశాడు. మన లెక్కలో చెప్పాలంటే ద్వీపమంతా ఒక అగ్రహారం. ఆ దానశాసనం ఖజానా మ్యూజియంలో ఉంది, చాలామంది చూడకుండానే దాటేస్తారు. ఊదారంగు చర్మపత్రాల మీద వెండి అక్షరాలతో రాసిన 6వ శతాబ్దపు సువార్త ప్రతిలో 33 ఆకులు ఈ మఠం దగ్గరే ఉన్నాయి, వాటిలో ఉన్నది మార్కు సువార్తలోని భాగం. ప్రధాన చర్చిని ఆనుకుని కన్యమరియ చాపెల్ ఉంటుంది. 1956 భూకంపం తర్వాత అక్కడి పై పొర చిత్రాల కింద 12వ శతాబ్దపు చిత్రాలు బయటపడ్డాయి. వీటికి గంటన్నర పెట్టుకోండి. మ్యూజియం టికెట్‌కు చిల్లర యూరోలు ఉంచుకోండి. వారంలో కొన్ని రోజులే సాయంత్రం మళ్లీ తెరుస్తారు. ఇంటర్నెట్‌లోని వేళలు నమ్మకుండా ముందురోజు ఇంటివాళ్లను అడగండి.

రెండో ఉదయం హోరా సందులకు, 1607 నాటి జోడోహోస్ పిగీ కన్యల మఠానికి, మూడు గాలిమరలకు సరిపోతుంది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకూ ఊరు నిద్రపోతుంది, గట్టిగా మాట్లాడకండి.

శాకాహారులు ‘నిస్తీసిమో’ అనే మాట నేర్చుకుంటే చాలు. ఉపవాస భోజనం అని అర్థం. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అయితే రొయ్యలు, ఆల్చిప్పలు వాళ్ల ఉపవాసానికి అడ్డు కావు, కాబట్టి సముద్రపు జీవులేవీ వద్దని విడిగా చెప్పాలి. ఫావా అంటే పప్పుముద్ద, మన ముద్దపప్పుకు దగ్గర చుట్టం. నిమ్మకాయ, ఉల్లిపాయ వేసుకుంటే అన్నం లేని లోటు కాస్త తీరుతుంది.

పవిత్ర వారంలో వెళ్లాలనుకుంటే మన క్యాలెండర్ చూడకండి. 2027లో మన ఈస్టర్ మార్చి 28, వాళ్లది మే 2. దానికి ముందు గురువారం హోరాలో బహిరంగంగా మఠాధిపతి 12 మంది సన్యాసుల పాదాలు కడిగే ఆచారం ఉంది. ఆ వారానికి గదులు నెలల ముందే అయిపోతాయి.

జులై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలులో 8 దాటితే పెద్ద పడవలు కూడా ఆగిపోతాయి. పడవ దిగిన రోజే ఏథెన్స్‌లో విమానం ఎక్కేలా టికెట్ కొనొద్దు. మధ్యలో ఒక రాత్రి ఖాళీగా ఉంచి, ఆ రాత్రికి పిరేయస్‌లోనే గది తీసుకోండి.