మంచె ఎక్కాలా, మాటున కూర్చోవాలా?

మా తాతకి జొన్నచేలో మంచె ఉండేది. నాలుగు గుంజలు పాతి, అడ్డకర్రలు కట్టి, పైన గడ్డి పరిచేవాడు. గింజ పాలు పోసుకునే రోజుల్లో నన్ను ఎక్కించి చేతికి ఒడిసెల ఇచ్చేవాడు. పిట్టల్ని తోలడం, గొంతు పోయేలా అరవడం నా పని. ఇప్పుడు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, రిచ్‌లాండ్ కౌంటీలో, ఒక రైతు పొలంలో ఇనుప మంచె ఎక్కి తెల్లతోక జింక కోసం కూర్చుంటున్నాను. అక్కడ మంచె మీదున్నవాడు కనబడాలి, వినబడాలి. ఇక్కడ కనబడ్డాడా, ఇక ఇంటికి పోవడమే.

ఇక్కడివాళ్లు ట్రీ స్టాండ్ అనేది మన మంచెనే, కాకపోతే చెట్టుకి కడతారు. గ్రౌండ్ బ్లైండ్ అంటే నేల మీద వేసే మాటు గుడారం. మన దేశంలో 1972 చట్టం వచ్చాక జింక మీద చెయ్యి వేస్తే జైలే కాబట్టి, మనవాళ్లలో ఈ విద్య ఎరిగినవాళ్లు తక్కువ. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పాసైన మిత్రులు ముగ్గురు వచ్చి రెండింట్లో ఏది కొనాలని అడిగారు. వాళ్లకి చెప్పిందే ఇది. ముందుగా ఒక మాట: హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ పట్టడం ఫెడరల్ నేరం. ఆ సంగతి లాయరుతో తేల్చుకుని రండి.

కొనే ముందు ఆ చోటికి వెళ్లి గాలి చూడండి. దానికి యంత్రాలేం అక్కర్లేదు. ఇక్కడ పొలం గట్ల మీద మిల్క్‌వీడ్ అనే మొక్క ఉంటుంది, మన జిల్లేడుకి చుట్టం. చలికాలం ముందు కాయ పగిలి దూది ఎగురుతుంది. నాలుగు కాయలు జేబులో వేసుకుని, కూర్చుందామనుకున్న చోట ఒక్కొక్క పింజ వదిలి చూడండి. పొద్దున్నే చల్లగాలి కొండగట్టు మీంచి లోయలోకి జారుతుంది. ఎండ తగిలాక పైకి లేస్తుంది. సాయంత్రం మళ్లీ దిగుతుంది. ఒకసారి నా పింజ ముందుకు పోయి, వాగు దగ్గర ఆగి, చుట్టు తిరిగి నా వెనక్కే వచ్చింది. అలాంటి చోట మంచె కట్టినా గుడారం వేసినా దండగే, మన వాసన లోయంతా పరుచుకుంటుంది.

గాలి కుదిరాక చెట్టు చూడండి. మనిషి ఒళ్లంత లావున, నిటారుగా, బతికున్న చెట్టు కావాలి. ఈ రాష్ట్రంలో యాష్ చెట్లని 2008 నుంచి ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చపురుగు తినేస్తోంది. వడ్రంగిపిట్టలు పైబెరడు ఒలిచేసి తెల్లబడ్డ యాష్ కనిపిస్తే దాని జోలికే పోకండి, ఎండిన యాష్ పెళుసు. షాగ్‌బార్క్ హికరీ గట్టిదే గానీ బెరడు పలకలు పలకలుగా లేచి ఉంటుంది, ఎక్కుతుంటే చప్పుడు. నాకు ఓక్ ఇష్టం. కొన్ని ఓక్‌లు ఆకుల్ని నవంబరు దాకా పట్టుకునే ఉంటాయి, వెనకాల తెర ఉన్నట్టు. ఆకురాలిన చెట్టు మీద మనిషి ఆకాశానికి అంటించిన బొమ్మలా కనిపిస్తాడు.

చాలామంది మరిచిపోయేది ఏటవాలు సంగతి. మీరు మూడు నిలువుల ఎత్తున కూర్చున్నా, జింక పైగట్టు నుంచి దిగొస్తుంటే దాని కళ్లూ మీ కళ్లూ ఒకే మట్టంలో ఉంటాయి. ఇక ఎక్కి లాభమేంటి? మా పొలంలో గట్టు మీద మొక్కజొన్న, లోయలో వాగు. చేను అంచున చదునుగా ఉన్న చోట మంచె కట్టాను. ఏటవాలు మధ్యలో గుడారమే.

మంచె ఎక్కేవాళ్లకి, జారినా కింద పడకుండా ఒళ్లంతా పట్టే పట్టీల హార్నెస్ ఎవరూ చెప్పకుండానే ఉండాలి. నేను మొదటి ఏడాది పైకి చేరాక తగిలించుకుందాంలే అనుకున్నాను. నవంబరు, మెట్ల మీద మంచు పొర. నిచ్చెన మీంచి పలక మీదికి కాలు మార్చేటప్పుడు బూటు జారింది. రెండు చేతులతో కొమ్మ పట్టుకుని వేలాడాను. మహా అయితే పది సెకన్లు, కానీ ఆ రోజంతా మోకాళ్లు వణికాయి. ఆ మరుసటి వారమే పైనుంచి కింద దాకా లైఫ్‌లైన్ తాడు కట్టాను. నేల మీదే దానికి తగిలించుకుని ఎక్కుతాను, దిగి నేల మీద నిలబడ్డాకే విప్పుతాను. తుపాకీ గానీ క్రాస్‌బో (తుపాకీలా గురిపెట్టే విల్లు) గానీ చేత్తో పట్టుకుని ఎక్కకండి. తూటా తీసేసి, బాణం విడిగా పెట్టి, పైకి చేరాక వేరే తాడుతో లాక్కోండి. చాలా మంచెలు 300 పౌండ్లకి కట్టినవి. ఆ లెక్కలో మీ బూట్లు, చలికోట్లు, సంచీ అన్నీ ఉంటాయి.

ఇక గుడారం. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, చలికి ఓర్చుకోలేనివాళ్లకి ఇంకో ఆలోచన వద్దు, ఇదే. దీన్ని మాత్రం ముందు రోజు తెచ్చి వేయకూడదు. నేను అలా వేసిన పొద్దున ఒక ఆడజింక పద్దెనిమిది అడుగుల్లోకి వచ్చి ఆగిపోయింది. తల కిందికీ పైకీ ఊపింది, ముంగాలు ఎత్తి టక్కున నేలకేసి కొట్టింది. పక్కన కూర్చున్న మా అమ్మాయి గుసగుసగా, "నాన్నా, అది మనల్నే చూస్తోందా?" అంది. మనల్ని కాదమ్మా, నిన్న లేని ఇంటిని చూస్తోంది. బుస్సుమని ముక్కుతో ఒక్క చప్పుడు చేసి తోక లేపి పోయింది. దాంతో ఆ లోయంతా ఖాళీ. మూడు నాలుగు వారాల ముందే వేసి, చుట్టూ అక్కడి కొమ్మలు, గడ్డి కట్టేయండి.

లోపల నల్లబట్టలే వేసుకోండి, వెనక కిటికీలు మూసేయండి. లేకపోతే వెనక వెలుగులో మీ తల కదలడం బయటికి కనిపిస్తుంది. కుర్చీ కిర్రుమనకూడదు. క్రాస్‌బో వాళ్లకి ఇంకో మాట. గురి చూసే దుర్భిణి, అదే స్కోపు, పైన ఉంటుంది, బాణం దాని కింద నుంచి పోతుంది. స్కోపులోంచి జింక శుభ్రంగా కనిపించింది, కొట్టాను, బాణం కిటికీ కింది అంచు గుడ్డని చీల్చుకుని ఎటో పోయింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ కుట్టు చూపించి నవ్వుతుంది. ఇంటి పెరట్లోనే కుర్చీ వేసి, కిటికీ ఎత్తు సరిచూసుకోండి. గ్యాస్ హీటరు పెడితే గాలి ఆడేలా ఒక కిటికీ కొద్దిగా తెరిచే ఉంచండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

తుపాకీ సీజనులో నా లెక్క కొంచెం మారుతుంది. మంచె మీంచి కొట్టిన తూటా నేలలోకి దిగుతుంది. గుడారంలోంచి కొడితే అడ్డంగా పోతుంది, కాబట్టి జింక వెనక మట్టిగట్టు ఉంటేనే ట్రిగ్గర్ మీద వేలు పెట్టాలి. డీఎన్‌ఆర్, అంటే రాష్ట్ర సహజవనరుల శాఖ, భూముల్లో గుడారానికి అన్నివైపుల నుంచీ కనిపించేలా కనీసం 144 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ మెరుపు గుడ్డ ఉండాలి. లోపల ఉన్నా మీ ఒంటి మీద ఆ రంగు తప్పదు. జింకలకి ఆ నారింజ మనకి కనిపించినంత మెరుపుగా కనిపించదు, దిగులుపడకండి.

ఇన్ని చెప్పాక కూడా ఒక్కటే కొనగలం అంటే మొదటి రెండేళ్లు గుడారమే కొనమంటాను. గాలి తప్పిందని తెలిస్తే గంటలో ఇంకో చోటికి మార్చుకోవచ్చు. నిచ్చెన మంచె మోయడానికి, నిలబెట్టడానికి ఇద్దరు ముగ్గురు కావాలి, ఇంకో చెట్టుకి మార్చడం ఒక రోజు పని.

ఏది కొన్నా సీజను అయ్యాక వదిలేయకండి. మంచె పట్టీలు బిగించే ఉంచితే చెట్టు పెరిగి వాటిని మింగుతుంది, ఉడతలు కొరుకుతాయి. నా గుడారం మాత్రం డిసెంబరు మొదటి మంచుకే పోయింది. వారం తర్వాత వెళ్లి చూస్తే కప్పు కూలి, కడ్డీలు రెండు విరిగి, లోపల ఎలుక గూడు పెట్టి ఉంది.