తెరచాప పడవ అడుగుకు నాచునిరోధక రంగు: ఎంచుకోవడం, పూయడం ఎలా?

నీటిలో దించిన పడవ అడుగును ఒకటి రెండు రోజుల తరువాత చేత్తో తడిమితే జారుడుగా తగులుతుంది. అది సూక్ష్మజీవులు పరిచిన పాకుడు. ఆ పాకుడు మీద నాచు మొలుస్తుంది. ఉప్పునీరైతే ఆ వెంటనే బార్నకిల్ గుల్లలు, ఆల్చిప్పలు, గొట్టపు పురుగులు వచ్చి కాపురం పెడతాయి. బార్నకిల్ పిల్లగా ఉన్నప్పుడు ఈదుకుంటూ వచ్చి, నచ్చిన చోట తల ఆనించి, సిమెంటు లాంటి జిగురుతో అతుక్కుంటుంది. ఇక బతికినంత కాలం అక్కడే. దాన్ని గోకి తీసినా పీఠం మిగిలిపోతుంది. ఇలా గరుకెక్కిన అడుగుతో మంచి గాలిలో కూడా పడవ బరువుగా ఈడుస్తూ నడుస్తుంది, చుక్కాని మొద్దుబారుతుంది.

ఇవి పడవ పరుగులో ఉండగా వచ్చి కూర్చోవడం అరుదు. చాలావరకు అది కట్టేసి ఉన్నప్పుడే వస్తాయి. కాబట్టి రంగు ఎంచుకునేటప్పుడు నా పడవ ఎంత వేగంగా పోతుంది అన్నది రెండో ప్రశ్న. అది ఎన్ని రోజులు, ఎలాంటి నీటిలో, కదలకుండా నిలబడి ఉంటుంది అన్నదే మొదటి ప్రశ్న. సొంతదార్లలో చాలామంది దీన్ని తిరగేసి ఆలోచించి, పందెపు పడవల రంగు కొనుక్కుని నెలకు ఒక్కసారి తెరచాప విప్పుతారు.

ఈ రంగు ఎలా పనిచేస్తుంది

గోడకు వేసే రంగు చెక్కుచెదరకుండా ఉంటే మంచిది. ఇది అలా ఉంటే పనికిరాదు. ఇందులోని రాగి కొద్దికొద్దిగా నీటిలో కరుగుతూ ఉండాలి. ఆ కరిగే రాగే గుల్లలను, నాచును దూరంగా పెడుతుంది. ఈ సంగతి తెలియడానికి ఒక పెద్ద ప్రయోగమే విఫలం కావలసి వచ్చింది. బ్రిటిష్ నౌకాదళం 1761లో అలార్మ్ అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు కొట్టించింది. ఉప్పునీటిలో రాగి తరిగిపోతోందని, 1824లో శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఆ రేకులకు ఇనుము, జింకు ముక్కలు తగిలించి చూశాడు. రాగి బదులు అవి తరిగాయి, రాగి భద్రంగా నిలిచింది. నౌకల అడుగున మాత్రం నాచు, గుల్లలు విరగకాశాయి. కరగని రాగి ఉత్త లోహపు రేకే.

ఆ తరువాత రంగుల్లోకి వచ్చిన ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు రసాయనం రాగి కన్నా ఎంతో బలంగా పనిచేసింది. ఆ బలమే దాని కొంప ముంచింది. పెంపకపు ఆల్చిప్పల పెంకులు వికారంగా మందమయ్యాయి, కొన్ని సముద్రపు నత్తల్లో ఆడవాటికి మగ అవయవాలు మొలిచాయి. ఫ్రాన్స్ 1982లోనే చిన్న పడవల మీద దాన్ని ఆపింది. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలులోకి వచ్చి, అలాంటి రంగులను ప్రపంచమంతటా నిషేధించింది. ఇదంతా పాత కథే. కానీ మీరు కొన్నది పాత పడవ అయితే ఆ పొర ఇంకా అడుగున దాగి ఉండవచ్చు. గోకేటప్పుడు జాగ్రత్త పడటానికి ఇది మరో కారణం.

ఏ రకం ఎంచుకోవాలి

దుకాణంలో పేర్లు ఎన్ని కనిపించినా ప్రధానమైన రకాలు రెండే.

గట్టి రంగు ఆరాక పెంకులా ఉంటుంది. లోపలి రాగి సూక్ష్మమైన రంధ్రాల గుండా బయటికి వస్తుంది, పెంకు మాత్రం మిగిలిపోతుంది. రుద్దినా, తోమినా తట్టుకుంటుంది. సన్నని ఉప్పుకాగితంతో తడిపి రుద్ది నున్నగా చేసుకోవచ్చు కాబట్టి పందేల వాళ్లకు ఇష్టం. దీనికి రెండు బలహీనతలు. పై పొరలోని రాగి అయిపోయాక ఎంత మందం ఉన్నా ఉపయోగం లేదు. పైగా ఏటేటా పూసిన పూతలు పేరుకుని, ఒక రోజున పెచ్చులుగా ఊడతాయి. పడవను నెలల తరబడి ఒడ్డున ఆరబెడితే చాలావరకు దీని శక్తి చచ్చిపోతుంది.

అరిగే రంగు సబ్బుబిళ్ల లాంటిది. నీటి రాపిడికి పైపొర అరుగుతూ కింద తాజా రంగును బయట పెడుతుంది. ఎన్ని పూతలు వేస్తే అన్నాళ్లు పనిచేస్తుంది, పేరుకుపోదు, ఒడ్డుకు తీసి మళ్లీ దించినా చాలా రకాలకు నష్టం ఉండదు. వారాంతాల్లో షికారుకు వెళ్లే మామూలు తెరచాప పడవకు నా ఓటు దీనికే. పడవ బొత్తిగా కదలకపోతే అరుగుదల మందగించి పాకుడు పేరుకుంటుంది. అలాంటి పడవకు, లేదా తరచూ తోమాలనుకునే వారికి, గట్టి రంగు మేలు.

సిలికాన్ పూతలు మూడో దారి. వీటిలో విషం ఉండదు, లేదా నామమాత్రం. నున్నదనం వల్ల జీవులు పట్టు దొరక్క, పడవ వేగంగా పోతుంటే జారిపోతాయి. గంటకు అయిదారు నాటికల్ మైళ్లు పోయే పడవకు ఆ వేగం చాలకపోవచ్చు. సిలికాన్ మీద ఏదీ అంటుకోదంటే నిజంగానే ఏదీ అంటుకోదు, మనసు మార్చుకుని వేసే మరో రంగుతో సహా.

నీరు కూడా చూసుకోండి. మంచినీటి చెరువుల్లో, సరస్సుల్లో బార్నకిల్స్ ఉండవు, పాకుడూ నాచే సమస్య. అక్కడ రాగి తక్కువగా ఉండి, పాకుడును అడ్డుకునే జింక్ పైరిథియోన్ లాంటిది కలిసిన రంగు సరిపోతుంది. వెచ్చని ఉప్పునీటిలో రాగి మోతాదు ఎక్కువ కావాలి. కొన్ని దేశాల్లో, రేవుల్లో రాగి మీద పరిమితులు ఉన్నాయి. డబ్బా కొనే ముందు మీ రేవు నియమాలు కనుక్కోండి. నిజానికి ఏ రంగు బాగా పనిచేస్తుందో కూడా అక్కడే తెలుస్తుంది. పక్క పడవలను ఒడ్డుకు తీసే రోజున వెళ్లి వాటి అడుగులు చూడండి.

అల్యూమినియం పడవకు రాగి ఆక్సైడ్ రంగు పనికిరాదు. ఉప్పునీటిలో రాగి, అల్యూమినియం కలిస్తే బ్యాటరీలా మారి అల్యూమినియాన్ని తినేస్తాయి. దానికి రాగి ఆక్సైడ్ లేనిదని, అల్యూమినియానికి తగినదని డబ్బా మీద రాసి ఉన్న రంగే వాడాలి. పడవ ఫైబర్‌గ్లాసుదైనా కింద ప్రొపెల్లర్‌ను మోసే కాలు అల్యూమినియందే కావచ్చు. దాని చుట్టూ రెండు వేళ్ల వెడల్పు ఖాళీ వదిలి, కాలికి వేరే రంగు వేయండి.

కింద ఏముంది?

కొత్త రంగు పాత రంగు మీద నిలుస్తుందా అన్నది అసలు చిక్కు. మోటు సూత్రం ఇది: గట్టి రంగు మీద అరిగే రంగు వేయవచ్చు, అరిగే రంగు మీద గట్టి రంగు వేయకూడదు. పునాది కరుగుతుంటే గోడ నిలవదు కదా. పాతది ఏమిటో తెలియకపోతే రెండు మార్గాలు. ఒకటి, అంతా గోకి తీసేయడం. రెండోది, పాత రంగు గట్టిగా పట్టి ఉంటే మధ్యలో అడ్డుపొరగా పనిచేసే ప్రైమర్ వేయడం. ముందుగా ఒక మూల చిన్న చదరం పూసి చూడండి. పాతది ముడతలు పడి పైకి లేస్తే, కొత్త రంగులోని ద్రావకం దాన్ని కరిగిస్తోందన్నమాట.

ఎంత కొనాలి

కొలతలు మీటర్లలో తీసుకోండి. నీటిగీత (నీటిమట్టం పడవను తాకే గీత) దగ్గర పడవ పొడవును, వెడల్పు, మునిగే లోతుల మొత్తంతో హెచ్చించండి. సన్నని కీల్ (పడవ అడుగు నుంచి నీటిలోకి దిగే రెక్క) ఉన్న పడవ అయితే వచ్చిన దానిలో సగం, పొడవు కీల్ ఉన్నదైతే ముప్పాతిక తీసుకోండి. పొడవు 8, వెడల్పు 3, లోతు 1.5 మీటర్లు ఉన్న సన్న కీల్ పడవకు 8 × 4.5 × 0.5, అంటే 18 చదరపు మీటర్లు. డబ్బా మీద లీటరుకు 10 చదరపు మీటర్లని ఉంటే రెండు పూతలకు 3.6 లీటర్లు. కొన్ని చోట్ల వేసే మూడో పూతకు మరో అర లీటరు. లెక్క వేసి కొన్న రంగునంతా పడవకే పట్టించాలి. అరలీటరు మిగిలిందని మురిసిపోతే, పూత పలచన అయిందనే అర్థం.

అడుగు సిద్ధం చేయడం

పడవ ఒడ్డుకు రాగానే, పాకుడు ఎండక ముందే, ఎక్కువ పీడనపు నీటితో కడిగించండి. తడిగా ఉన్నప్పుడు పది నిమిషాల్లో పోయేది, ఎండాక గంటల పని పెడుతుంది. కడిగిన వెంటనే ఫైబర్‌గ్లాసు మీద బొబ్బలు ఉన్నాయేమో చూసి పెన్సిలుతో చుట్టూ గీత గీయండి. ఆరేకొద్దీ కొన్ని అణిగిపోయి కనిపించకుండా పోతాయి.

ఇక గోకడం, రుద్దడం. పెచ్చులు స్క్రేపర్‌తో తీసి, తరువాత 80 నంబరు ఉప్పుకాగితంతో గరుకు చేయాలి. ఈ దుమ్ము విషం. పొడిగా రుద్దవద్దు, నీటితో తడిపి రుద్దండి, లేదా దుమ్ము పీల్చే యంత్రం తగిలించిన సాండర్ వాడండి. గుడ్డ ముక్క కట్టుకుంటే చాలదు. సన్నని దుమ్మును, ద్రావకపు ఆవిరిని వడకట్టే మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు, ఒళ్లంతా కప్పే దుస్తులు ఉండాలి. మంటతో కాల్చి తీయడం అసలే వద్దు. కింద టార్పాలిన్ పరిచి, రాలిందంతా పోగు చేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటే అప్పగించండి.

కొత్త ఫైబర్‌గ్లాసు పడవైతే వరుస మారుతుంది. అచ్చు నుంచి వచ్చిన మైనం పైన ఉంటుంది. ముందు దాన్ని ద్రావకంతో తుడవాలి, ఆ తరువాతే రుద్దాలి. ముందే రుద్దితే మైనం గీతల్లోకి దిగిపోతుంది. నీళ్లు చల్లినప్పుడు పూసల్లా ముడుచుకోకుండా పలచగా పరుచుకుంటే మైనం పోయినట్టు. ఆపైన ఎపాక్సీ ప్రైమర్. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడక ముందే, బొటనవేలు ఆనిస్తే ముద్ర పడుతూ వేలికి రంగు అంటని దశలో, మొదటి నాచునిరోధక పూత పడాలి. ఆ అదను దాటితే మళ్లీ రుద్దుకోక తప్పదు.

ఈ పనుల్లో తొందరపడితే పైన పటారం, లోన లొటారం. రంగు ఖరీదైనదే అయినా ఊడి వస్తుంది.

పూయడం

మంచు ఆరిన పూట, ఎండ నెత్తికెక్కక ముందు మొదలుపెట్టండి. తేమ ఎక్కువగా ఉన్న రోజున, వాన సూచన ఉన్నప్పుడు వద్దు. నీటిగీత వెంట మాస్కింగ్ టేపు వేయండి. తాము తరిగి మిగతా లోహాన్ని కాపాడే జింకు దిమ్మలను, లోతు కొలిచే పరికరం ముఖాన్ని, వేగం కొలిచే చక్రాన్ని కప్పేయండి. జింకు దిమ్మకు రంగు పూస్తే అది చేయవలసిన పని మానేస్తుంది. ప్రొపెల్లర్‌కు వేరే పూతలు దొరుకుతాయి.

డబ్బా కలపడం దగ్గర కాస్త ఆగాలి. రాగి ఆక్సైడ్ నీటి కన్నా ఆరు రెట్లు బరువు, డబ్బా అడుగున ముద్దగా పేరుకుంటుంది. మొదటిసారి నేను పుల్లతో రెండు తిప్పులు తిప్పి పని మొదలుపెట్టాను. సగం పడవ అయ్యాక డబ్బా వంచితే, డబ్బు పెట్టి కొన్న రాగి అంతా అట్టడుగున ఇటుకలా కూర్చుని ఉంది. ఆ సగానికి పూసింది ఉత్త రంగునీళ్లే. పైన తేలిన ద్రవాన్ని ముందు వేరే డబ్బాలోకి వంపండి. అడుగు ముద్దను బాగా పెళ్లగించి మెదపండి. తరువాత వంపిన దాన్ని కొంచెం కొంచెంగా కలుపుకుంటూ రండి. డ్రిల్లుకు తగిలించే కలుపు కడ్డీ ఉంటే పని సులువు. పూస్తున్నంతసేపూ మధ్యమధ్య కలుపుతూనే ఉండాలి.

ద్రావకానికి కరగని, పొట్టి నూగు ఉన్న రోలర్ తీసుకోండి. స్పాంజి రోలర్ పూతను మరీ పలచన చేస్తుంది, కొన్ని మధ్యలోనే కరిగిపోతాయి. ట్రేలో కొంచెం కొంచెంగా పోసుకుని, నిండుగా, సాగదీయకుండా పూయండి. చిక్కగా అనిపిస్తే డబ్బా చెప్పిన థిన్నరే, చెప్పిన మేరకే. అద్దంలా రావాలన్న ఆరాటం వద్దు, నీటి కింద ఎవరూ చూడరు.

అరిగే రంగు వాడుతుంటే మొదటి పూతను వేరే రంగులో వేయండి. ఎర్రటి పూత మీద నీలం వేశారనుకోండి, ఎక్కడ ఎరుపు బయటపడితే అక్కడ పైరంగు అయిపోయిందని కంటికే తెలుస్తుంది. పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద రాసినంత వ్యవధి ఇవ్వండి. నీటిగీత దగ్గర వెలుతురు ఎక్కువ, నాచు బాగా పెరుగుతుంది. కీల్, చుక్కాని ముందంచుల మీద నీటి రాపిడి ఎక్కువ. ఈ చోట్ల మూడో పూత వేయండి. చివరి పూత పూర్తిగా ఆరక ముందే టేపు లాగేయాలి, లేకపోతే అంచు చిట్లుతుంది.

పడవను నిలబెట్టిన స్టాండ్ల మెత్తల కింద చోటు మిగిలిపోతుంది. వాటిని మీ అంతట మీరు జరపవద్దు, ఒక్కటి తప్పినా పడవ ఒరిగి మనిషి మీద పడవచ్చు. యార్డు వాళ్లనే ఒక్కొక్కటిగా జరపమనండి. కీల్ కింది ముఖానికి మాత్రం క్రేన్ పట్టీల్లో పడవ ఎత్తిన రోజే అదను. పట్టీల్లో కాసేపు ఉంచమని ముందుగానే మాట్లాడుకుని, వేలాడే పడవ కిందికి మనిషి దూరకుండా పక్క నుంచే పొడవు కర్ర రోలర్‌తో పని ముగించండి.

నీటిలో దించడానికి కనీస వ్యవధి, గరిష్ఠ వ్యవధి రెండూ డబ్బా మీద ఉంటాయి. గరిష్ఠాన్ని జనం చదవరు. కొన్ని గట్టి రంగులకు అది దాటితే పూసిన శ్రమ వృథా.

దించిన తరువాత పాకుడు పట్టినట్టు కనిపిస్తే మెత్తని గుడ్డతో తేలికగా తుడవండి. అరిగే రంగును బ్రష్షుతో తోమితే రంగు మబ్బులా నీటిలో కలిసిపోతుంది, మీ డబ్బూ పోతుంది, నీరూ చెడుతుంది. అన్నట్టు, డబ్బా పారేసే ముందు రంగు పేరు, పూసిన తేదీ, ఏ రంగు మీద ఎన్ని పూతలు వేశారో పడవ పుస్తకంలో రాసుకోండి. వచ్చేసారి పడవను ఒడ్డుకు తీసినప్పుడు కింద ఏముందో గోకి చూసుకోనక్కర్లేదు.