శాంపిలింగ్ వేరు, అసైన్‌మెంట్ వేరు

బెంగళూరులో సైకాలజీ మొదటి ఏడాది చదువుతున్న మన తెలుగు పిల్లలకు ఒక చిట్కా. రాండమ్ శాంపిలింగ్, రాండమ్ అసైన్‌మెంట్ కలగాపులగం అవుతుంటే మీ పీజీ హాస్టల్‌నే ఉదాహరణగా పెట్టుకోండి.

మారతహళ్లి పీజీల్లో ఉండేవాళ్లందరి జాబితా తీసి, చీటీలు వేసి 40 మందిని ఎంచుకుంటే అది శాంపిలింగ్. ఫలితం ఎవరెవరికి వర్తిస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. ఆ 40 మందిలో రాత్రి ఫోన్ ముట్టకుండా ఉండేది ఎవరు, ఎప్పటిలా వాడేది ఎవరు అని బొమ్మా బొరుసు వేసి తేలిస్తే అది అసైన్‌మెంట్. నిద్రలో తేడాకు ఫోనే కారణమా అని చెప్పగలిగేది దీనివల్లే. అసలు కిటుకు ఇది: చీటీలు వేయకుండా మీ స్నేహితులనే తీసుకున్నా, బొమ్మా బొరుసుతో విడదీస్తే కారణం గురించి మాట్లాడొచ్చు. కాకపోతే ఆ మాట ఊరందరికీ అంటగట్టకూడదు. ఊరికే సర్వే చేస్తే మాత్రం, వెయ్యి మందిని అడిగినా సహసంబంధం (రెండూ కలిసి మారుతున్నాయని చెప్పడం) దగ్గరే ఆగాలి.

క్లినికల్ పాఠంలో డిప్రెషన్‌కి 9 లక్షణాల్లో కనీసం 5, కనీసం 2 వారాలు అని అందరూ బట్టీ పడతారు. వాటిలో దిగులో, ఆసక్తి పోవడమో తప్పనిసరి. తీవ్ర వేదన గానీ, రోజువారీ పనులు దెబ్బతినడం గానీ ఉండాలన్నది చాలామంది రాయరు, రాయండి. ఈ లెక్కతో పక్క మంచం అమ్మాయికి జబ్బు పేరు మాత్రం పెట్టకండి. నిజంగా కుంగిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి, తెలుగులోనూ మాట్లాడతారు.