వెండి అతుక్కి వెలిగారం: కొనడం నుంచి కడగడం దాకా

నేను కరీంనగర్‌లో వెండి తీగ పని చేస్తాను. 2007లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన కరీంనగర్ ఫిలిగ్రీ ఇదే. పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు తీగ లాగడం, మెలిపెట్టడం తొందరగానే పట్టుకుంటారు. అతుకు దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోతుంది. టంకం, అంటే అతికించడానికి కరిగించే లోహం, పారదు, ఉండ కట్టి నిలబడుతుంది. వెంటనే మంట పెంచుతారు. అప్పటికే సన్నతీగ కరిగి పనంతా పాడవుతుంది. ఇలా జరిగితే ముందు చూడాల్సింది మంట కాదు, వెలిగారం, అంటే అతుకు దగ్గర వేసే బోరాక్స్.

వెలిగారం దేన్నీ అతికించదు. అతికించేది టంకమే. వెండిలో, టంకంలో ఉండే రాగికి వేడిలో గాలి తగిలితే నల్లటి పొర కడుతుంది. ఆ పొర మీద టంకం నిలవదు. వెలిగారం వేడికి కరిగి గాజులా మారి ఆ పొరను తనలో కరిగించుకుంటుంది, కొత్తగా గాలి తగలకుండా కప్పి ఉంచుతుంది. దాని పని అంతే, కానీ అది లేకుండా అతుకు లేదు.

ముందు సరుకు సంగతి. బజారులో వెలిగారం అని అడిగితే ఒక్కోసారి పటిక చేతిలో పెడతారు. రెండూ తెల్లగానే ఉంటాయి. కొనగానే ఇలా చూడండి: చిటికెడు పొడిని నీళ్లలో కలిపి, అందులో కాస్త పసుపు వేయండి. వెలిగారం అయితే పసుపు ఎర్రబడుతుంది. పటిక నీళ్లలో పసుపు పసుపుగానే ఉంటుంది. బట్టల సోడా కూడా పసుపును ఎర్రగా మారుస్తుంది కాబట్టి ఇంకో పరీక్ష కూడా చేయాలి. చిన్న ముక్కను ఇనుప గరిటెలో పెట్టి మంట మీద కాల్చండి. పటిక ఉబ్బి తెల్లటి బూడిదలా మిగిలిపోతుంది. వెలిగారం కూడా ముందు ఉబ్బుతుంది, ఇంకా కాలిస్తే కరిగి తేటగా గాజుబొట్టు అవుతుంది. ఆ బొట్టు కనిపిస్తే చాలు, సరుకు మంచిదే.

ఉబ్బడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మా పనిలో అసలు చిక్కు ఇక్కడే. వెలిగారం పలుకులో సగానికి దగ్గరగా నీరే ఉంటుంది. తీగల సందుల్లో పచ్చి పొడి చల్లి మంట చూపిస్తే ఆ నీరు ఆవిరై పొడి పేలాల్లా పొంగుతుంది, పక్కనున్న టంకం ముక్కల్ని ఎత్తి అవతల పడేస్తుంది. అందుకే ముందే పొంగించి పెట్టుకోవాలి. ఇనుప పెనంలో సన్నటి మంట మీద కదుపుతూ వేయించండి. నురగలా లేచి తెల్లగా, తేలిగ్గా అయ్యాక దించి, చల్లారాక మెత్తగా నూరి, మూత బిగుతుగా ఉన్న సీసాలో పెట్టండి. తెరిచి ఉంచితే మళ్లీ గాలిలో తేమ పీల్చుకుంటుంది.

ఫిలిగ్రీకి ఈ పొడినే టంకం రజనుతో కలిపి చల్లుతాం. పట్టగొలుసు కొండీ, ఉంగరం లాంటి గట్టి అతుక్కి మాత్రం గరుకు రాతి మీద రెండు చుక్కల నీళ్లేసి వెలిగారం ముక్కను అరగదీసి, పాలమీగడ చిక్కదనం రాగానే కుంచెతో రాయాలి. అంతకు ముందు అతుకు పెట్టే చోట జిడ్డు లేకుండా కుంకుడు రసంతో రుద్ది కడిగి ఆరబెట్టాలి. చేతి చెమట అంటినా చాలు, అక్కడ అతుకు నిలవదు.

టంకం కొనేటప్పుడు కేడ్మియం అనే విష లోహం కలవనిదే అడగండి. కేడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, మనం అతుకు పెట్టేది కూడా దాదాపు ఆ వేడిలోనే. ఆ పొగ ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది. ధర తక్కువని దాని జోలికి పోవద్దు.

మంట టంకానికి చూపించకండి, వస్తువంతా సమంగా వేడెక్కేలా తిప్పండి. వెలుతురు కాస్త తగ్గించుకుంటే లోహం రంగు సరిగ్గా కనబడుతుంది. మొదట వెలిగారం తెల్లగా గట్టిపడుతుంది, తర్వాత జిగురుగా అవుతుంది. దాదాపు 740 డిగ్రీల దగ్గర అది నీళ్లలా తేటబడుతుంది. అదే మీకు సిగ్నల్. ఇంకొంచెం వేడికి టంకం ఒక్కసారిగా మెరిసి సందులోకి పాకుతుంది. పాకగానే మంట తీసేయండి. స్వచ్ఛమైన వెండి 962 డిగ్రీలకు కరుగుతుంది, రాగి కలిసినది అంతకంటే ముందే, మధ్యలో ఉన్న తేడా చాలా తక్కువ, తీగ పనిలో ఇంకా తక్కువ.

చల్లారాక అతుకు మీద గాజుపొర మిగులుతుంది. దాన్ని ఆకురాయితో గీకితే ఆకురాయే మొండిబారుతుంది. వేడి పటిక నీళ్లలో గానీ, చింతపండు నీళ్లలో గానీ ఉడికిస్తే అదే వదులుతుంది. పలచని గంధకామ్లం (సల్ఫ్యూరిక్ యాసిడ్) వాడేవాళ్లు నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. అందులో ఇనుప పట్టకారు ముంచవద్దు, కరిగి ఉన్న రాగి వచ్చి వెండి మీద ఎర్రగా పేరుకుంటుంది. రాగిదో, చెక్కదో వాడండి.

వెలిగారం ఎక్కడినుంచి వస్తుందని కూడా పిల్లలు అడుగుతారు. ఒకప్పుడు టిబెట్ ఉప్పు సరస్సుల నుంచి, లడఖ్‌లోని పూగా లోయ వేడి ఊటల దగ్గర్నుంచి మోసుకొచ్చేవాళ్లు. ఇప్పుడు ప్రపంచానికి ఎక్కువగా టర్కీ గనులు, కాలిఫోర్నియాలో బోరాన్ అనే ఊరి గని అందిస్తున్నాయి. తవ్విన రాయిని పొడి చేసి వేడి నీళ్లలో కరిగిస్తారు, మట్టి అడుగున దిగాక తేట నీటిని చల్లారుస్తారు, పలుకులు కడతాయి. వెలిగారంలో ఉండే మూలకం పేరు కూడా బోరానే. అలా వచ్చిన బోరాన్ ఖనిజాల్లో మన చేతికి వచ్చేది కొద్దిగానే. ఎక్కువ భాగం వేడికి పగలని గాజు, ఫైబర్‌గ్లాస్, టైల్స్ మీది మెరుపు పూత తయారీకి పోతుంది. బోరాన్ లోపం ఉన్న వేరుశనగ, పత్తి చేలకు కూడా బోరాక్స్ వేస్తారు, అది మన వెలిగారమే.

జాగ్రత్తల విషయంలో నేను మొహమాటపడను. వెలిగారాన్ని ఉప్పు, పంచదార డబ్బాల పక్కన ఎప్పుడూ పెట్టవద్దు. ఆహారంలో వాడటం మన దేశంలో చట్టవిరుద్ధం. యూరప్‌లో 2010 నుంచి దీన్ని సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో పెట్టారు. గర్భిణులు ఈ పొడి నూరకుండా, పెనం దగ్గర నిలబడకుండా ఉండటమే మంచిది. నూరేటప్పుడు ముక్కుకు గుడ్డ, మంట దగ్గర కిటికీ తెరిచి ఉండాలి, అన్నం తినేముందు గోళ్లు సహా చేతులు కడుక్కోవాలి. సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి తాళం ఉన్న అరలో పెట్టండి.