అమెరికా ప్రభుత్వ బడుల్లో పిల్లలకు ఇంగ్లిష్ సాయం, తల్లిదండ్రులకు తెలుగు ఇంటర్‌ప్రెటర్: అడిగే విధానం

ఇంగ్లిష్ సాయానికి విడిగా అప్లికేషన్ అంటూ ఉండదు. బిడ్డను బడిలో చేర్చేటప్పుడు ఇచ్చే కాగితాల్లో ‘హోమ్ లాంగ్వేజ్ సర్వే’ ఉంటుంది. అదే మీ దరఖాస్తు. బిడ్డకు మొదట వచ్చిన మాటలు ఏ భాషవి, ఇంట్లో ఎక్కువగా ఏది మాట్లాడతారు అని అందులో అడుగుతారు. ఇంట్లో అంతా తెలుగే అయినా చాలామంది మనవాళ్లు అక్కడ ‘ఇంగ్లిష్’ అని రాసేస్తారు. పిల్లాణ్ణి వెనకబడ్డవాడిగా లెక్కగడతారేమోనని భయం. దయచేసి ఉన్నది ఉన్నట్టు రాయండి. తెలుగు అని రాసినంత మాత్రాన ఈఎస్‌ఎల్ (ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే) క్లాసులో వేయరు. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం ఎలా ఉన్నాయో పరీక్షించాకే తేలుస్తారు. ఇంగ్లిష్ బాగా వస్తే మామూలు క్లాసే.

చేర్చడానికి మామూలుగా ఇంటి అడ్రస్ రుజువు, పుట్టిన తేదీ రుజువు, టీకాల రికార్డు అడుగుతారు. వీసా లేదన్న కారణంతో బిడ్డను కాదనడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1982లోనే తీర్పిచ్చింది.

ఇంగ్లిష్ సాయం అవసరమని తేలితే, విద్యా సంవత్సరం మొదలైన 30 రోజుల్లోపు బడి నుంచి మీకు ఉత్తరం రావాలి. మధ్యలో చేరితే రెండు వారాల్లో. వద్దనే హక్కు మీకుంది. కానీ ఆ మాట చెప్పేముందు టీచర్‌ను కలిసి, ఇంగ్లిష్ సాయం కోసం ఏ పీరియడ్‌లో బిడ్డను క్లాసు బయటికి తీసుకెళ్తారో అడగండి. వద్దన్నా ఏటా జరిగే ఇంగ్లిష్ పరీక్ష మాత్రం తప్పదు.

ఇంటర్‌ప్రెటర్ సంగతి వేరు. బిడ్డకు ఇంగ్లిష్ వచ్చినా, తెలుగు మీడియంలో చదువుకున్న అమ్మకు టీచర్ మాటలు పూర్తిగా అందకపోవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు. 1964 పౌరహక్కుల చట్టం కింద ఇది ఉచితంగా దక్కాల్సిన సాయం. మీటింగ్‌కు వారం పది రోజుల ముందే స్కూల్ ఆఫీసుకు ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి’ అని ఈమెయిల్ పెట్టండి. మనిషి దొరక్కపోతే ఫోన్‌లోనైనా ఏర్పాటు చేయమనండి. బిడ్డచేత మాత్రం అనువాదం చేయించనివ్వకండి. తన తప్పుల గురించి తనే అమ్మకు చెప్పాల్సిన పరిస్థితి ఏ పిల్లకీ రాకూడదు.

బిడ్డకు మాటలు ఆలస్యమైతే మరింత జాగ్రత్త అవసరం. అది రెండు భాషల మధ్య తడబాటా, నిజంగా లోపమా అన్నది ఇంగ్లిష్ పరీక్షతో ఒక్కదానితోనే తేలదు. స్పెషల్ ఎడ్యుకేషన్ పరీక్షకు సంతకం పెట్టేముందు, తెలుగులోనూ పరీక్షించమని రాతపూర్వకంగా అడగండి. వీలున్నంతవరకు బిడ్డ భాషలోనే పరీక్షించాలని వైకల్యమున్న పిల్లల చదువుకు సంబంధించిన ఐడీఈఏ చట్టం చెబుతోంది.

 

అడిగినా స్పందన లేకపోతే ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతపు బడులను నడిపే సంస్థ) ఆఫీసుకు వెళ్లండి. అక్కడా పని కాకపోతే అమెరికా కేంద్ర విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అన్యాయం జరిగిన 180 రోజుల్లోపు చేయాలి. లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు. మీరు పెట్టిన ఈమెయిళ్లే అక్కడ సాక్ష్యం, కాబట్టి ఏదీ నోటిమాటతో సరిపెట్టకండి.