పాత గ్యాంట్రీ కొనేటప్పుడు వైరు రోపును పరీక్షించే తీరు

తాడిపత్రిలో మూతపడిన గ్రానైట్ యూనిట్ నుంచి పాత గ్యాంట్రీ క్రేన్ (కాళ్ల మీద నిలిచిన దూలం నుంచి బరువులెత్తే యంత్రం) కొనదలచినవారు సాధారణంగా మోటారు శబ్దం విని, దూలాలకు వేసిన రంగు చూసి బేరానికి దిగుతారు. రాతి దిమ్మెను గాలిలో నిలిపేది వైరు రోపు, అంటే ఉక్కు తీగల పాయలను పేనిన తాడు, కనుక దాని సంగతి తేలేవరకు ధర మాట్లాడకూడదని నా అభిప్రాయం.

రోపంతటికీ కొత్త గ్రీజు దట్టంగా పూసి ఉంటే సంతోషించడం కన్నా అనుమానించడం మేలు. కరెంటు ఆపించి, ఆ గ్రీజును తుడిపించి, తోలు గ్లోవ్స్ తొడుక్కుని, నూలు గుడ్డను రోపు చుట్టూ వదులుగా పట్టి నెమ్మదిగా జరుపుతూ పోవాలి. తీగ తెగినచోట గుడ్డ పోగు చిక్కుకుంటుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, ఒక పాయ రోపును పూర్తిగా ఒకసారి చుట్టివచ్చే నిడివిలో తెగిన తీగలను లెక్కపెట్టాలి. మొత్తం 6 తీగలు గాని, ఒకే పాయలో 3 గాని తెగి ఉంటే ఆ రోపు ఇక పనికిరాదని నేను తీర్మానిస్తాను.

ఆపైన వెర్నియర్ అనే కొలత పరికరంతో రోపు మందం కొలవాలి. పాయల పల్లాల మీద కాక ఉబ్బుల మీద పట్టి, పలుచోట్ల కొలవాలి. ఇటీవల నేను చూసిన 13 మిల్లీమీటర్ల రోపు రెండు చివర్లా సరిగానే ఉండి, గిలకల మీద నిత్యం తిరిగే భాగంలో 12కు దిగింది. అమ్మేవారు చూపించినది చివరలను మాత్రమే. రాళ్లు కోసేచోట రాతిపొడి కలిసిన నీరు పాయల సందుల్లో చేరి, ఎండి, రోపు వంగిన ప్రతిసారీ తీగలను ఆకురాయిలా అరగదీస్తుంది. వదులుగా ఉన్నచోట కొంచెం వంచినప్పుడు ఎర్రని పొడి రాలితే, పైకి ఎంత మెరుస్తున్నా లోపల తుప్పు పట్టిందన్నమాట.

రోపు ఒక్కటే మార్చి గిలకలను వదిలేయడం డబ్బు దండగ. పాత రోపు అచ్చు పడిన గాడి కొత్తదానిని త్వరగా తినేస్తుంది. కొక్కెం నోరు అసలు కొలతకన్నా 10 శాతం తెరుచుకుని ఉంటే దానినీ మార్చాలి. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ ప్రకారం కర్మాగారంలోని ఇటువంటి యంత్రాలను, రోపులను 12 నెలలకొకసారైనా అర్హుడైన వ్యక్తి పరీక్షించవలసి ఉండేది కనుక ఆ పరీక్షల కాగితాలను అడగవలసిందే.

కొత్త రోపు మందం, మెలిక దిశ, తెగే బలం క్రేన్ తయారీదారు చెప్పినట్లే ఉండాలి. చుట్టను ఇరుసు మీద తిప్పుతూ విప్పాలి. పక్కనుంచి లాగితే పడే ముడత మళ్లీ పోదు. కోయబోయే చోటుకు రెండువైపులా సన్నని తీగతో గట్టిగా కట్టిన తరువాతే కోయాలి. చివరను యూ క్లిప్పులతో బిగించే క్రేన్ అయితే, 13 మిల్లీమీటర్ల రోపుకు కనీసం 3 క్లిప్పులు, సుమారు 8 సెంటీమీటర్ల ఎడంతో, యూ భాగం వెనక్కి మడిచిన పొట్టి కొస మీద, జీను భాగం (నట్లు బిగించే అడుగు ముక్క) బరువు మోసే రోపు మీద ఉండేలా వేయాలి. కొక్కెం అడుగుకు దిగినప్పుడు కూడా రోపు చుట్టుకునే డ్రమ్ము మీద కనీసం 2 చుట్లు మిగలాలి. మొదట తేలికపాటి రాయిని పలుమార్లు ఎత్తి దించి, క్లిప్పుల నట్లను మళ్లీ బిగించిన తరువాతే పెద్ద దిమ్మెను కొక్కేనికి తగిలించాలి.