బోరు నీళ్ళతో ఉతికినా టవల్ మెత్తగా ఉండాలంటే ఏం చేయాలి?

కొన్నప్పుడు అంత మెత్తగా ఉన్న టవల్ కొన్నాళ్ళకే అట్టలా తయారై, ముఖం తుడుచుకుంటే గీరుకుంటోందా? కడప, అనంతపురం, కర్నూలు వైపు చాలా ఇళ్ళలో ఇదే మాట. టవల్ నాసిరకమని అనుకుంటాం, లేకపోతే మురికి సరిగ్గా పోలేదని పౌడరు ఇంకాస్త వేస్తాం. పౌడరు పెంచితే మేలు కంటే కీడే ఎక్కువ. మన ఇళ్ళలో ముందుగా చూడాల్సింది నీళ్ళు, ఆ తర్వాత ఆరేసే పద్ధతి. ఈ రెండూ సరిచేసుకుంటే మామూలు టవల్ కూడా చాలాకాలం మెత్తగా ఉంటుంది.

ముందు మీ నీళ్ళు ఎలాంటివో తెలుసుకోండి

కడప రాయి అని ఇళ్ళలో పరుచుకునే నాపరాయి సున్నపురాయి జాతిదే. అలాంటి రాతి పొరల్లో నిలిచిన నీళ్ళు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని బోరు గుండా పైకి వస్తాయి. బోరుకీ బోరుకీ తేడా ఉంటుంది. పక్కింటి నీళ్ళు బాగున్నాయని మీవీ బాగుంటాయని లేదు. కొళాయి మూతి చుట్టూ తెల్లటి పొర, బకెట్ లోపల గరుకుగా తగిలే అంచు, గీజర్ కాయిల్ మీద పెచ్చు కనిపిస్తే మీవి కఠినమైన నీళ్ళే.

ఇంట్లోనే పరీక్ష చేయొచ్చు. చిన్న సీసాలో సగం నీళ్ళు పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా ఊపండి. నురగ బాగా వచ్చి కింద నీళ్ళు తేటగా ఉంటే ఇబ్బంది లేదు. నురగ రాకుండా తెల్లటి తెట్టు తేలితే నీళ్ళు కఠినమని అర్థం. షాంపూతోనో డిటర్జెంట్‌తోనో చేస్తే ఈ తేడా తెలియదు, సబ్బే వాడాలి. ల్యాబ్‌లో పరీక్ష చేయించిన కాగితం ఉంటే అందులో మొత్తం కాఠిన్యం అంకె చూడండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు. వేరే నీళ్ళు దొరకని చోట 600 వరకు అనుమతిస్తారు. 600 దగ్గర ఉన్న నీళ్ళు తాగడానికి పనికొచ్చినా, టవల్‌కు మాత్రం కష్టమే.

ఆ తెట్టే టవల్ పోగుల మధ్య చేరేది. మన ఒంటి మీది సబ్బు, సరిగ్గా కరగని పౌడరు, నీళ్ళలోని లవణాలు అన్నీ కలిసి పోగులకు పట్టుకుంటాయి. ఉతికిన ప్రతిసారీ ఇంకో పొర.

ఉతకడం

టవళ్ళను విడిగా వేయండి. ప్యాంటు జిప్పులకు, బ్లౌజు హుక్కులకు తగులుకుని పోగులు లేచిపోతాయి. మెషిన్‌ను సగానికి, మహా అయితే మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు. టవల్ నీళ్ళలో తిరగడానికి చోటుండాలి. పౌడరును ముందే ఒక మగ్గు వేడినీళ్ళలో పూర్తిగా కరిగించి పోయండి. లిక్విడ్ అయితే ఆ బాధ లేదు. మూత మీద రాసిన కొలత దాటొద్దు. ఉతికాక కూడా బకెట్ నీళ్ళలో నురగ వస్తుంటే తర్వాతిసారి ఇంకాస్త తగ్గించండి.

చేత్తో ఉతికేవాళ్ళు బండ మీద బాదకండి. మురికి నానితేనే పోతుంది. బాదితే పోయేది పోగులే. గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, చేత్తో నలిపితే చాలు.

అసలు పని చివరి జాడింపులో ఉంది

నీళ్ళు కొరతగా ఉండే ఊళ్ళలో నాలుగైదుసార్లు జాడించమని చెప్పడం న్యాయం కాదు. అందుకని నేను చెప్పేది ఒక్కటే. ఉతకడానికి, మొదటి జాడింపుకు బోరు నీళ్ళే వాడండి. చివరి బకెట్‌కు మాత్రం ఉన్నవాటిలో మంచి నీళ్ళు దాచుకోండి. ఆఖరున ఏ నీళ్ళలో ముంచి తీస్తామో, ఆ నీళ్ళలోని లవణాలే ఎండాక బట్టలో మిగిలిపోతాయి.

మున్సిపాలిటీ కొళాయిలో నది నీళ్ళు వస్తుంటే, సాధారణంగా అవి బోరు నీళ్ళకంటే మెత్తన. వాననీళ్ళు ఇంకా మంచివి. మిద్దె మీది నుంచి పడే మొదటి నీళ్ళు వదిలేసి, తర్వాతవి డ్రమ్ములో పట్టుకోవచ్చు. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు. పలుచని గుడ్డతో వడకట్టి టవల్‌కు వాడొచ్చు. గాలిలో తేమ ఉన్న రోజుల్లో ఇవి బాగా పడతాయి, మండుటెండల పొడి గాలిలో తక్కువ.

ఆర్‌ఓ ఫిల్టర్ బయటికి వదిలే నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. వృథా చేయకూడదని వాటిని పట్టి బట్టలకు వాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ పొదుపు మంచిదే. కానీ ఫిల్టర్ తీసేసిన లవణాలన్నీ ఆ నీళ్ళలోనే ఉంటాయి, అంటే మీ బోరు నీళ్ళకంటే అవే ఎక్కువ కఠినం. వాటిని బాత్రూమ్ కడగడానికి వాడండి, టవళ్ళ దగ్గరికి తేవద్దు.

మంచి నీళ్ళు ఏవీ దొరక్కపోతే, పది లీటర్ల బకెట్‌లో ఒక టీస్పూను నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) గానీ అర కప్పు తెల్ల వెనిగర్ గానీ కలిపి, టవల్‌ను పావుగంట ఉంచి, ఒకసారి తేలిగ్గా జాడించి పిండండి. పులుపు ఆ సున్నపు పొరను కరిగిస్తుంది. ప్రతిసారీ అక్కర్లేదు, నెలకు ఒకటి రెండుసార్లు చాలు. మెషిన్‌లో పోసే కంటే బకెట్‌లో చేయడం మేలు, లోపలి రబ్బరుకు పులుపు పదేపదే తగలకూడదు. ఆ నీళ్ళు నాపరాయి బండల మీద ఒలికినా వెంటనే కడిగేయండి. అదీ సున్నపురాయే కాబట్టి నునుపు పోయి మచ్చ పడుతుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి: వెనిగర్‌ను, నిమ్మ ఉప్పును బ్లీచింగ్ పౌడరుతో గానీ బ్లీచ్ ద్రవంతో గానీ ఎప్పుడూ కలపకండి. విషమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

సువాసన వచ్చే ఫ్యాబ్రిక్ కండిషనర్ల మీద నాకు నమ్మకం లేదు. అవి పోగుల మీద జారుడు పూత వేస్తాయి. చేతికి మెత్తగా తగులుతుంది గానీ తడి పీల్చడం తగ్గుతుంది. తడి తుడవని టవల్ మెత్తగా ఉండి ఏం లాభం?

ఆరేయడం

నీళ్ళు మంచివైనా కదలకుండా ఎండిన నూలు టవల్ బిగుసుకుంటుంది. దీని కారణాన్ని జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయం, కావో కంపెనీ పరిశోధకులు 2020లో వివరించారు. టవల్ పూర్తిగా ఎండిందనుకున్నా నూలు పోగుల మీద కాస్త నీరు పట్టుకునే ఉంటుంది. అదే పక్కపక్క పోగులను ఒకదానికొకటి అతికిస్తుంది. ఆ అతుకు కదిలిస్తే విడిపోతుంది.

అందుకే పిండిన వెంటనే టవల్ రెండు మూలలు పట్టుకుని గట్టిగా పదిసార్లయినా విదిలించండి. పోగులు నిలబడాలి. తీగ మీద మడత పడకుండా, రెండు టవళ్ళ మధ్య గాలి ఆడేలా వేయండి. కొంచెం తడి ఉండగానే ఇంకోసారి విదిలించండి, తీసేటప్పుడు మరోసారి. డ్రయర్ మెషిన్ చేసే పని కూడా చాలావరకు ఇదే, తిప్పుతూ ఎండబెట్టడం.

మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో మిద్దె మీద సాయంత్రం దాకా వదిలేయకండి. టవల్ ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది, ఆ తర్వాత తగిలే ఎండకు నూలు పెళుసవుతుంది, రంగు పోతుంది. పొద్దున్నే వేసి ఆరగానే తీసేయండి, లేదా గాలి ఆడే నీడలో వేయండి. ముసురు రోజుల్లో ఫ్యాన్ కింద వేస్తే ముక్కవాసన రాదు. ఇస్త్రీ వద్దు.

ఇప్పటికే గట్టిపడిపోయి ఉంటే

పౌడరు లేకుండా వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టండి. నీళ్ళు మసకబారి నురగ వస్తే పాత పౌడరు బయటికొస్తున్నట్టే. నురగ తగ్గేదాకా జాడించి, పైన చెప్పిన నిమ్మ ఉప్పు నీళ్ళలో ఉంచి, విదిలించి ఆరేయండి. ఒకసారికి పూర్తిగా మారకపోతే తర్వాతి ఉతుకులో మళ్ళీ చేయండి. ఆరాక ఒక చుక్క నీళ్ళు వేసి చూడండి. వెంటనే ఇంకితే బాగుపడినట్టే. పైపోగులు అరిగి అల్లిక బయటపడిన టవల్‌కు మాత్రం ఇవేవీ పనిచేయవు. కొత్తది కొనేటప్పుడు హోటల్ టవళ్ళలాంటి 600 జీఎస్‌ఎం (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాముల బరువో చెప్పే అంకె) మందం కాకుండా 400, 450 మధ్య తీసుకోండి. తక్కువ నీళ్ళతో జాడింపు పూర్తవుతుంది, త్వరగా ఆరుతుంది.